నాచు పెంచమన్నారు, పెంచాం. ఎండబెట్టడానికి కరెంటేది? మత్స్య, విద్యుత్, హార్బర్ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మత్స్యశాఖ, విద్యుత్ శాఖ, ఫిషింగ్ హార్బర్ పనులు చూసే అధికారులకు,

నమస్కారం. మీకు పని ఒత్తిడి ఎంతో తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. సముద్రపు నాచు ఎండబెట్టడానికి కరెంటు కావాలని మా ఊరి ఆడవాళ్ల సంఘం ఇప్పటికి మూడుసార్లు అర్జీ పెట్టింది. మొదటిసారి రసీదు చేతిలో పెట్టారు. రెండోసారి ఇది మా శాఖ కాదన్నారు. మూడోసారి వాళ్లు పంపిన చోటికి వెళ్తే, మొదట ఇచ్చిన చోటే అడగమన్నారు. ఒక్కో అర్జీకి ఆటో ఛార్జీలు, జిరాక్సులు, ఒక రోజు కూలి పోతాయి. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాను.

మాది విశాఖకి దక్షిణాన ఒక చిన్న మత్స్యకార గ్రామం. నాన్న వేటకెళ్లేవాడు, ఇప్పుడు అన్నయ్య వెళ్తున్నాడు. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి గాజువాకలో మోటార్లకి రివైండింగ్ చేస్తాను. మా వదిన, పిన్ని, ఇంకో ఇరవై మంది కలిసి రెండేళ్లుగా వెదురు తెప్పల మీద సముద్రపు నాచు పెంచుతున్నారు. పది అడుగుల తెప్పకి అరవై కిలోల విత్తనం ముక్కలు కడతారు, సముద్రం సహకరిస్తే నలభై ఐదు రోజుల్లో అది రెండు వందల కిలోలు దాటుతుంది. ఆ నాచులోని జిగురు నుంచే ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో వాడే క్యారజీనన్ తీస్తారు, పచ్చిగా పిండితే వచ్చే రసం పైర్ల మీద పిచికారీకి పనికొస్తుంది. పెంచడం మావాళ్లు నేర్చుకున్నారు. చిక్కంతా ఒడ్డుకి చేర్చాకే మొదలవుతోంది.

కిందటి అక్టోబరులో ఒకరోజు టన్నుకి దగ్గరగా నాచు తీశారు. ఇసుక అంటకుండా పాత వలలు, టార్పాలిన్లు పరిచి ఆరబోశారు. మర్నాడు మధ్యాహ్నానికి నాచు ఊదారంగు తిరిగి, పైన ఉప్పు తెల్లగా పూత పూసినట్టు తేలింది. అలా తేలిందంటే సరుకు బాగా ఎండుతున్నట్టే. మూడు గంటలకి తూర్పున మబ్బు పట్టింది. ఫోన్లలో అల్పపీడనం అని మెసేజ్‌లు. పిల్లలతో సహా అందరూ పరిగెత్తి, దొరికినంత మూటగట్టి ఇళ్లలోకి, బడి వరండాలోకి మోశారు. మిగిలింది తడిసిపోయింది. ముసురు రెండు రోజులు వదల్లేదు. మూడో రోజు పిన్ని మూట విప్పితే లోపల్నుంచి వేడి ఆవిరి, కుళ్లు వాసన, పట్టుకుంటే వేళ్ల మధ్య జారిపోయే జిగురు. కొనడానికి వచ్చినతను ఒక పిడికెడు తీసి నలిపి, తెల్లబడిపోయిన ముక్కలు విడిగా పెట్టి, సగం ధర చెప్పాడు. సగం మూటలు ముట్టుకోలేదు కూడా. అతన్ని తప్పుపట్టలేం, వాననీళ్లు పడితే నాచులోని లవణాలు కడుక్కుపోతాయి, జిగురు బలం తగ్గిపోతుంది. నలభై ఐదు రోజుల కష్టం రెండు రోజుల ముసురుకి పోయింది. ఆ రాత్రి పిన్ని అన్నం ముందు కూర్చుని, ఒక్క ముద్ద కూడా తినకుండా లేచిపోయింది.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో 20,050 కోట్లతో మొదలైంది, అందులో 640 కోట్లు ఒక్క నాచుకే అని చెప్పారు. ఆ పథకంలో తెప్పలకి ఆడవాళ్లకైతే 60 శాతం సబ్సిడీ పెట్టారు. సంతోషం, కాదనం. తమిళనాడు రామనాథపురం జిల్లాలో 2023లో సుమారు 127 కోట్లతో సీవీడ్ (సముద్రపు నాచు) పార్కుకి శంకుస్థాపన కూడా చేశారు. కానీ మా లాంటి ఊళ్లకి తెప్ప వరకే సాయం అందింది. ఆ తర్వాత నాచుని ఎండబెట్టాలి, కడగాలి, పిండాలి, వీటన్నిటికీ కరెంటు కావాలి. దాని సంగతి మా దగ్గర ఎవరూ ఎత్తలేదు.

ఎంత కరెంటు కావాలో నేను కూర్చుని లెక్క వేశాను. టన్ను పచ్చి నాచులో దాదాపు తొమ్మిది వందల కిలోలు నీళ్లే. కొనేవాళ్లు అడిగే 35 శాతం తేమకి తేవాలంటే 840 కిలోలకి పైగా నీటిని ఆవిరి చేయాలి. మామూలు హీటర్‌తో చేస్తే 550 యూనిట్లకి తక్కువ కాదు, అది మా వల్ల అయ్యే పని కాదు. అదే వేడిని బయటికి పోనివ్వకుండా మళ్లీ మళ్లీ వాడుకునే హీట్ పంప్ డ్రయ్యర్ అయితే యూనిట్‌కి రెండు కిలోల దాకా నీటిని లాగేస్తుంది కాబట్టి 420 యూనిట్లు చాలు. మొదట ఎండలో వాడ్చి సగం నీరు పోగొట్టాక లోపల పెడితే 210. నాలుగైదు ఊళ్ల సంఘాలు కలిసి రోజుకి టన్ను తెచ్చినా, ఇరవై నాలుగు గంటలకి పంచితే సగటున 9 కిలోవాట్లు. అంటే ఒక మాదిరి రైస్ మిల్లుకి పట్టే కరెంటు కూడా కాదు.

ఆ 9 కిలోవాట్లు సముద్రం నుంచే తీసుకోవచ్చని మా అర్జీలో రాశాం. చదివినవాళ్లలో ఒకరు ఇదంతా విదేశాల్లో జరిగేదన్నారు. అది నిజం కాదు. కేరళలో విళింజం ఫిషింగ్ హార్బర్ దగ్గర 1991లోనే 150 కిలోవాట్ల కెరటాల విద్యుత్ కేంద్రం పెట్టారు, ప్రపంచంలో ఈ పని మొదట చేసిన కొద్ది దేశాల్లో మనమూ ఉన్నాం. అక్కడే కెరటాల కరెంటుతో ఉప్పునీటిని మంచినీరు చేసి చూపించారు. అంటే కెరటం కరెంటుతో ఒడ్డునే ఒక పని నడపడం మనవాళ్లు ఎప్పుడో చేశారు. తర్వాత దాన్ని ఆపేశారు. లక్షద్వీప్‌లో కవరత్తిలో 2005 నుంచి లోతు నీటి చల్లదనాన్ని వాడుకుని రోజుకి లక్ష లీటర్ల మంచినీరు తీస్తున్నారు, అది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పని. 2022 నవంబరులో ఐఐటీ మద్రాసు వాళ్లు తూత్తుకుడి తీరానికి ఆరు కిలోమీటర్ల దూరంలో సింధుజ-1 అనే యంత్రాన్ని పరీక్షించారు, దాని శక్తి 100 వాట్లు. చిన్నదే, అయినా మన నీళ్లలో మనవాళ్లు చేసిన యంత్రం. 2019లోనే కేంద్రం కెరటాలు, ఆటుపోట్లు, సముద్రపు వేడి నుంచి తీసే కరెంటు మొత్తాన్ని పునరుత్పాదక ఇంధనంగా గుర్తించింది.

మరి సోలార్ పెట్టుకోవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. పెట్టుకోవాలి, మొదట సోలారే. యూనిట్ లెక్కన చూస్తే కెరటం కరెంటు సోలార్ కన్నా ఇప్పటికీ ఖరీదే, అది నేను దాచను. కానీ మా నష్టం ఎప్పుడు జరుగుతోందో చూడండి. మబ్బు పట్టినప్పుడు, ముసురు పట్టినప్పుడు, రాత్రిపూట. సరిగ్గా సోలార్ పడుకునే వేళల్లోనే. నైరుతి నెలల్లో, వాయుగుండాల ముందూ వెనకా సముద్రం మిగతా రోజుల కన్నా ఎక్కువ కదులుతుంది. ఎండ లేని రోజున కెరటం ఉంటుంది. రెండూ కలిపి పెడితే బ్యాటరీల ఖర్చు తగ్గుతుంది, నాచు కుళ్లదు.

ఇంకొకటి, మన తీరానికి ఏది కుదరదో కూడా మేమే చెప్తాం. గుజరాత్ ఖంభాత్ దగ్గర ఆటుపోట్ల తేడా పది మీటర్లు దాటుతుంది, విశాఖలో రెండు మీటర్లు కూడా ఉండదు. అందుకని ఇక్కడ పోటు నీటిని ఆపి కరెంటు తీసే ఆనకట్టలు అడగడం లేదు. మన కెరటాలు యూరప్ అట్లాంటిక్ కెరటాలంత బలమైనవీ కావు. మాకు కావాల్సింది మెగావాట్లు కాదు. కెరటాల యంత్రం ఏడాది సగటున దాని సామర్థ్యంలో మూడో వంతో నాలుగో వంతో ఇస్తుందనుకున్నా, 30 నుంచి 40 కిలోవాట్ల యంత్రం ఒకటి చాలు.

ఇక మా డిమాండ్లు. ఒక్కో దాంట్లో మాకు జరుగుతున్నదీ, మీరు చేయాల్సిందీ రెండూ చెప్తాను.

1. అన్నిటికన్నా తొందరైనది హార్బర్ గోడ. ఉప్పాడ, పూడిమడక, బుడగట్లపాలెం, చీరాల దగ్గరి వాడరేవు లాంటి చోట్ల రాష్ట్రం ఫిషింగ్ హార్బర్లు చేపట్టింది. ఆ హార్బర్లకి కెరటాన్ని ఆపే రాతి గోడలు వేస్తారు. ఆ గోడ ఎంత ఖర్చుపెట్టి కట్టినా అది చేసేది కెరటం బలాన్ని వృథాగా విరగ్గొట్టడమే. స్పెయిన్ ఉత్తరాన ముత్రికు అనే చిన్న రేవులో ఎలాగూ కడుతున్న గోడలోనే గదులు వదిలి, 2011లో 16 టర్బైన్లు బిగించారు, మొత్తం 296 కిలోవాట్లు. పని తీరు చాలా తేలిక. గోడలోని గదికి కింద సందు ఉంటుంది, కెరటం వచ్చినప్పుడు లోపల నీటిమట్టం లేస్తుంది, పైనున్న గాలి బయటికి తోసుకొస్తుంది, కెరటం వెనక్కెళ్తే గాలి లోపలికి లాగేసుకుంటుంది. కమ్మరి కొలిమి తిత్తి లాగే. ఆ గాలి టర్బైన్ని తిప్పుతుంది. తిరిగే భాగం నీళ్లలో మునిగి ఉండదు కాబట్టి, పాడైతే నిచ్చెనెక్కి బాగుచేయొచ్చు. మోటార్లు విప్పి బిగించడమే పనిగా బతికేవాడిని, ఈ ఒక్క సంగతి ఎంత ముఖ్యమో నాకు తెలుసు. విళింజంలో వాడిందీ ఈ పద్ధతే. గోడ మొత్తం కట్టేశాక మళ్లీ పగలగొట్టి గదులు చేయడం జరిగే పని కాదు. కాబట్టి ఇంకా పని మిగిలి ఉన్న హార్బర్లలో, కనీసం ఒక్క చోట, గోడలో పది పన్నెండు మీటర్ల పొడవున గదులకి చోటు వదలండి. టర్బైన్ తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. డిజైన్ మార్చడానికి వీల్లేదంటే, ఎందుకు వీల్లేదో కారణంతో సహా రాసివ్వండి.

2. ఆ గోడ వెనకే ఒక ఉమ్మడి షెడ్డు కావాలి. అందులో డ్రయ్యర్, నాచు రసం పిండే యంత్రం, కడిగే పంపు. రసం తీసే పద్ధతి భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ కనిపెట్టిందే, కానీ పచ్చిగా ఉన్నప్పుడే, కోసిన రోజే పిండాలి. మా దగ్గర ఆ యంత్రం లేదు, ఉన్నా తిప్పే కరెంటు లేదు. దాంతో పది కిలోల పచ్చి నాచుని ఒకటి, ఒకటిన్నర కిలోల ఎండు నాచు చేసి అమ్మేయడం తప్ప మా ఆడవాళ్లకి వేరే దారి లేదు. రసం మీద వచ్చే లాభమంతా వేరేవాళ్లకి పోతోంది. షెడ్డులోనే ఎండుచేపలు కూడా ఆరబెట్టుకోవచ్చు, నాచు లేని నెలల్లో డ్రయ్యర్ ఖాళీగా పడి ఉండక్కర్లేదు.

3. కరెంటు ధర, త్రీఫేజ్ లైను. మన రాష్ట్రంలో ఆక్వా చెరువులకి యూనిట్ రూపాయిన్నరకే ఇచ్చే రాయితీ ఉంది. నాచు కూడా నీళ్లలో పెంచేదే, పెంచేది భూమి కూడా లేని ఆడవాళ్లు. అయినా మా షెడ్డు కోసం మీటరు అడిగితే కమర్షియల్ కిందికే వస్తుందన్నారు. త్రీఫేజ్‌కి స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మేమే పెట్టుకోవాలన్నారు, ఆ అంకె విని మావాళ్లు ఇంకో మాట మాట్లాడకుండా తిరిగొచ్చేశారు. నాచు ప్రాసెసింగ్‌ని ఆక్వా రాయితీలో చేర్చండి. సముద్రం నుంచి, సోలార్ నుంచి మిగిలిన కరెంటుని గ్రిడ్‌కి ఇచ్చి, మాకు కావాల్సినప్పుడు వెనక్కి తీసుకునే వీలు కల్పించండి.

4. తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలోనే రోజుల తరబడి కరెంటు లేదు, ఒడ్డున ఉన్న ఊళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీకి శ్రీకాకుళం ఏమైందో మీకు తెలుసు. మా తీరంలో ఏ యంత్రం పెట్టినా మొదట అడగాల్సింది అది ఎంత కరెంటు ఇస్తుందని కాదు, అలాంటి గాలివానకి నిలబడుతుందా అని. ముత్రికులో కూడా కడుతుండగానే తుఫానుకి గోడ దెబ్బతింది. కాబట్టి విడిగా నీళ్ల మీద తేలే యంత్రాలతో మొదలుపెట్టొద్దు, గోడతో మొదలుపెట్టండి. తుఫాను తర్వాత గ్రిడ్ వచ్చేదాకా ఆ కరెంటుతో ఊరికి మంచినీళ్ల పంపు, ఫోన్ ఛార్జింగ్ అయినా నడిచేలా వైరింగ్ ముందే చేయించండి.

5. వేటకి అడ్డం రాకూడదు. నీళ్లలో ఏది పెట్టినా చుట్టూ పడవలు రాకూడదని గీత గీస్తారన్న భయం మా ఊళ్లో ఉంది, ఆ భయం ఉత్తదేం కాదు. ఇప్పటికే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం, ఆ రెండు నెలలూ ఇల్లు ఎలా గడుస్తుందో ఒకసారి వచ్చి చూడండి. నిజానికి ఆ రోజుల్లో నాచు ఆదుకోవాలనే మా ఆడవాళ్లు ఈ పనిలో దిగారు. ఏ చోటు, ఎంత దూరం, పడవల దారి ఎటు అన్నది ఊరి పెద్దలతో, వేటకెళ్లేవాళ్లతో కూర్చుని, తీర్మానం రాసుకున్నాకే ఖరారు చేయాలి. ఆడవాళ్లు ఆ మీటింగ్‌లో ఉండాలి, వాళ్ల పేరున వాళ్ల భర్తలు కాదు.

6. కలుషితం చేయొద్దు. క్యారజీనన్ తీయాలంటే క్షారం కలిపిన వేడినీళ్లలో ఉడికించాలి, తర్వాత బోలెడు మంచినీళ్లతో కడగాలి. ఆ కడిగిన నీళ్లు శుద్ధి చేయకుండా ఉప్పుటేరులోకి వదిలితే చేప పిల్ల మిగలదు. అలాంటి ఫ్యాక్టరీ మా ఊళ్లో వద్దు, మాకు ఎండబెట్టడం, రసం పిండడం చాలు. అలాగే మేం పెంచుతున్న రకం బయటి దేశం నుంచి వచ్చింది, తమిళనాడు తీరంలోని మన్నార్ గల్ఫ్‌లో కృసడై దీవి దగ్గర అది పగడాల మీదికి పాకిందని శాస్త్రవేత్తలే రాశారు. మన తీరపు రాళ్ల మీద తనంతట తాను పెరిగే గ్రాసిలేరియా రకాల్ని పెంచడం కూడా నేర్పించండి. వాటి నుంచి అగర్ అనే జెల్లీ లాంటి పదార్థం వస్తుంది.

7. ఒక్క అధికారి. మత్స్యశాఖ తెప్ప చూస్తుంది, విద్యుత్ శాఖ మీటరు చూస్తుంది, హార్బర్ వాళ్లు గోడ చూస్తారు, కెరటాల కరెంటు ఢిల్లీలో ఇంకో మంత్రిత్వ శాఖ కింద ఉంటుంది. మా పిన్ని వీళ్లందరి దగ్గరికీ ఎలా వెళ్తుంది? జిల్లాకి ఒక నోడల్ అధికారిని వేసి, పేరు, నంబరు పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి.

8. బాగుచేసేవాళ్లు ఊళ్లోనే ఉండాలి. విళింజం ఎందుకు ఆగిపోయిందని చాలామంది చాలా రకాలుగా చెప్తారు. నాకు తెలిసిన మేరకు ఏ యంత్రమైనా దాని పక్కన ఉండేవాడికి దాని మీద హక్కు లేకపోతే, దాని రిపేరు తెలియకపోతే నిలవదు. ఉప్పుగాలికి బేరింగులు ఎంత త్వరగా పోతాయో నేను రోజూ చూస్తాను. మా చుట్టుపక్కల ఐటీఐ, డిప్లొమా చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో పది మందిని చెన్నై పంపి, ఆ సముద్ర సాంకేతిక సంస్థలో మూడు నెలలు శిక్షణ ఇప్పించండి. షెడ్డు ఆదాయంలోంచే వాళ్ల జీతం ఇస్తాం, అది కూడా లెక్క వేసి పెట్టాం.

ఇవన్నీ ఒకేసారి అవ్వవని మాకు తెలుసు. మొదటిదానికీ, మూడోదానికీ, ఏడోదానికీ కొత్తగా పెద్ద డబ్బు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. మిగతావి ఒకే ఒక్క చోట, నమూనాగా చేసి చూపించండి. రెండు సీజన్లు నడిపి, లెక్కలు బయటపెట్టండి. కుదరకపోతే కుదరలేదని మేమే చెప్తాం, అప్పుడు సోలార్‌తోనే సర్దుకుంటాం. ప్రయత్నమే చేయకుండా కాదనొద్దు.

మావాళ్లు ఇప్పుడు విత్తనం కడుతున్నారు. అక్టోబరు కోతకి ముందే కనీసం మీటరు విషయం, హార్బర్ గోడ విషయం మీద రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే, నాలుగు ఊళ్ల సంఘాల ఆడవాళ్లు కలిసి కలెక్టరేట్‌కి వస్తారు. కిందటేడు పాడైన మూట ఒకటి పిన్ని ఇంకా పారేయలేదు. దాన్ని కూడా తెచ్చి మీ టేబుల్ మీద విప్పి చూపిస్తుంది.

ఇట్లు,
నాచు పెంచే ఆడవాళ్ల సంఘం తరఫున,
ఆ సంఘంలో ఒక సభ్యురాలి మరిది